యంత్రం లేకపోయినా డయాలసిస్: పసిబిడ్డ పొట్టలోనే ఉన్న వడపోత

అయిదు కిలోల పసిబిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపితే 400 మిల్లీలీటర్లు. కిలోకు 80 చొప్పున వైద్యులు వేసే లెక్క ఇది. రెండు గ్లాసుల మజ్జిగంత. డయాలసిస్ యంత్రం నడుస్తున్నంతసేపూ కొంత రక్తం ఒంటి బయట, గొట్టాల్లోనూ ఫిల్టర్‌లోనూ తిరుగుతూ ఉంటుంది. పెద్దవాళ్ల సెట్టు అయితే అలా బయట ఉండేది సుమారు 200 మిల్లీలీటర్లు. అంటే ఈ బిడ్డ రక్తంలో సగం. పది శాతం దాటకూడదన్నది పిల్లల వైద్యులు పాటించే కట్టుబాటు. ఈ బిడ్డకు ఆ గీత 40 దగ్గర ఉంది. పిల్లల కోసమే తయారుచేసిన సెట్లు కూడా ఇంత పసివాళ్ల విషయంలో తరచూ ఆ గీత దాటేస్తాయి. దాటితే ముందుగా దాత రక్తంతో గొట్టాలు నింపి మొదలుపెట్టాలి.

నీళ్ల లెక్క వేరే ఉంది. మామూలుగా యంత్రం నిమిషానికి అర లీటరు తాగుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు, అదీ ఆర్‌వో ప్లాంటులో బాగా శుద్ధి అయిన నీరు. కరెంటు పోకూడదు. పసిబిడ్డ మెడలోని సన్నటి సిరలోకి రెండు దారుల గొట్టం దించగల చెయ్యి తిరిగిన వైద్యుడు ఉండాలి. 2013లో ఇటలీలోని విచెంజాలో కిడ్నీ వైద్యుడు క్లాడియో రోంకో బృందం పసికందుల కోసమే రూపొందించిన యంత్రాన్ని వాడడం మొదలుపెట్టింది. అందులో అన్నిటికన్నా చిన్న సెట్టుతో బయట తిరిగే రక్తం 30 మిల్లీలీటర్ల లోపే. గొప్ప పని, సందేహం లేదు. కానీ విరేచనాలు పట్టుకుని మూత్రం ఆగిపోయిన బిడ్డను ఆఫ్రికాలోని మలావిలోనో మన ఏజెన్సీ ప్రాంతంలోనో తల్లి భుజాన వేసుకుని ఆసుపత్రికి తెచ్చేసరికి అక్కడ ఆ యంత్రం ఉండదు. రేపు కూడా ఉండదు.

అలాంటి చోట చేయగలిగింది ఏమైనా ఉందా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఉంది, పొట్ట డయాలసిస్ రూపంలో వందేళ్లుగా ఉంది. దానికి కావలసిన సామగ్రి చాలావరకు జిల్లా ఆసుపత్రి స్టోరు గదిలో ఇప్పటికే ఉంటుంది. లేనిదల్లా రాత్రి రెండు గంటలకు కూడా గంటగంటకూ ఆ బిడ్డ మంచం దగ్గరికి వచ్చి లెక్క రాసే మనిషి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ మనిషి గురించే. అయితే ముందు జబ్బు సంగతి చూడాలి.

డయాలసిస్ అనగానే తెలుగువాళ్లకు ఉద్దానం గుర్తొస్తుంది. వారానికి రెండు మూడు సార్లు, ఏళ్ల తరబడి, మార్పిడి జరిగేదాకా లేదా ప్రాణం ఉన్నంతకాలం సాగే డయాలసిస్. అక్కడ కిడ్నీలు మెల్లగా చెడిపోయి, ఇక కోలుకోని స్థితికి చేరాయి. ఇప్పుడు మాట్లాడుకుంటున్నది వేరే జబ్బు. నిన్నటిదాకా బాగున్న కిడ్నీ హఠాత్తుగా పని మానేస్తుంది. దాన్ని పనిమానేలా చేసిన కారణం తొలగితే చాలామంది పిల్లల్లో కొద్ది రోజుల్లో, లేదంటే కొన్ని వారాల్లో, మళ్లీ మేలుకుంటుంది. ఆ మధ్యకాలం గడిపించడమే చికిత్స. అయిదు రోజులో పది రోజులో గడిపించగలిగితే బతికే బిడ్డ, ఆ వసతి లేక పోతున్నాడు. దీర్ఘకాలిక జబ్బు కన్నా ఇది మనసును ఎక్కువ పిండే విషయం.

కారణాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఆఫ్రికాలో తీవ్ర మలేరియా, దక్షిణాసియాలో రక్త విరేచనాల తర్వాత వచ్చే హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ (ఎర్ర రక్తకణాలు చితికి కిడ్నీ దెబ్బతినే జబ్బు), అన్నిచోట్లా విరేచనాలతో ఒళ్లు ఎండిపోవడం, రక్తంలో ఇన్ఫెక్షన్, పుట్టగానే ఊపిరి అందకపోవడం, నాటు మందులు. మన పొలాల్లో అయితే రక్తపింజరి. దాని విషం రక్తం గడ్డకట్టే తీరును చెడగొడుతుంది, కిడ్నీనీ నేరుగా దెబ్బతీస్తుంది. విరుగుడు ఇంజక్షన్ ఆలస్యమైతే, కాటు నుంచి బయటపడిన పిల్లవాడు మూడో రోజు మూత్రం రాక మళ్లీ ప్రమాదంలో పడతాడు.

గుర్తించడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 0.9 అని ఉంటుంది. పక్కనే ‘సాధారణం: 0.6 నుంచి 1.2’ అని అచ్చు వేసి ఉంటుంది. చూసినవాళ్లు ఫర్వాలేదనుకుంటారు. ఆ అంకెలు పెద్దవాళ్లవి. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. ఏడాది బిడ్డకు కండ ఎంత ఉంటుంది? జబ్బు చేయకముందు వాడి అంకె 0.3 దగ్గర ఉండి ఉంటుంది. అంటే ఇప్పుడు మూడు రెట్లు పెరిగింది. అంతర్జాతీయంగా వాడే కేడీఐజీఓ కొలమానం ప్రకారం మూడు రెట్లంటే మూడో దశ, అన్నిటికన్నా తీవ్రమైన దశ. రిపోర్టులో ఎర్ర గీత కూడా లేకుండా బిడ్డ ఆ దశకు చేరిపోతాడు. ల్యాబే లేని చోట మూత్రమే కొలమానం. ఆరు గంటల పాటు కిలోకు గంటకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ వస్తే ప్రమాదం మొదలైనట్టే. ఏడు కిలోల బిడ్డకు అది గంటకు మూడున్నర మిల్లీలీటర్లు, చెంచాడు కూడా కాదు. అది తెలియాలంటే ‘ఒంటికి పోశాడా’ అని తల్లిని అడిగితే చాలదు. గోచీని తడవకముందు ఒకసారి, తడిశాక ఒకసారి తూచాలి. గ్రాముకు ఒక మిల్లీలీటరు. వంటింటి త్రాసుతో అయ్యే పరీక్ష ఇది.

మూత్రం ఆగితే, మూత్రం పెంచే మందు లాసిక్స్ ఇంజక్షన్ చేయడం మన దగ్గర పాత అలవాటు. ఒంట్లో నీరు ఎక్కువైనప్పుడు కొంత బయటికి తీయడానికి అది పనికొస్తుంది. కిడ్నీని బాగుచేయదు. ఇంకో డోసు, ఇంకో డోసు అంటూ రెండు రోజులు గడిచిపోతాయి. ఆ రెండు రోజుల్లోనే పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, రక్తంలో ఆమ్లం చేరి బిడ్డ ఎగశ్వాస తీస్తాడు, ఎక్కించిన సెలైన్ అంతా ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పై ఊరికి పంపేదీ సరిగ్గా అప్పుడే.

ఇప్పుడు పొట్ట దగ్గరికి వద్దాం. పేగులను కప్పుతూ, పొట్ట గోడకు లోపల అస్తరులా పరుచుకుని ఒక పలుచటి పొర ఉంటుంది. పేరు పెరిటోనియం. దాని నిండా సన్నని రక్తనాళాలు. పొట్టలోకి చక్కెర కలిపిన ఉప్పునీటి ద్రవం వదిలితే, రక్తంలో పేరుకున్న యూరియా, పొటాషియం ఆ పొర గుండా ద్రవంలోకి దిగుతాయి, ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి. చక్కెర వల్ల ఒంట్లోని అదనపు నీరు కూడా అటే లాగబడుతుంది, ఉప్పు చల్లిన మామిడి ముక్కలు నీరు వదిలినట్టు. కాసేపాగి ద్రవం బయటికి తీసేసి కొత్తది పోయాలి. రక్తం ఒంటి బయటికి రానే రాదు. పైగా పసివాళ్లకు ఈ పొర వైశాల్యం, ఒంటి బరువుతో పోలిస్తే, పెద్దవాళ్లకన్నా దాదాపు రెట్టింపు. యంత్రం దగ్గర ఇబ్బందిగా మారిన ఆ చిన్న ఒళ్లే ఇక్కడ కలిసొస్తుంది.

జర్మనీలో జార్జ్ గాంటర్ 1923లో ఈ ప్రయోగాన్ని ప్రచురించాడు. విలెం కోల్ఫ్ అనే వైద్యుడు నెదర్లాండ్స్‌లో తిరిగే డ్రమ్ములాంటి కృత్రిమ కిడ్నీని రోగులకు వాడింది అంతకు ఇరవై ఏళ్ల తర్వాత, 1943లో. 1948 నాటికి అమెరికాలో పిల్లలకు పొట్ట డయాలసిస్ చేసిన సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. కాబట్టి దీన్ని యంత్రం దొరకని పేదల కోసం తర్వాత కనిపెట్టిన చవక పద్ధతి అనుకోవడం చరిత్రను తిరగేయడమే.

ఏడు కిలోల బిడ్డ మంచం పక్కన నిలబడి చూస్తే ఈ పని ఇలా ఉంటుంది. స్టాండుకు ద్రవం సంచి వేలాడుతుంది. దాని కింద గీతలున్న బ్యూరెట్ గది, అందులోంచి వై ఆకారపు గొట్టం, ఒక కొమ్మ పొట్టలోకి, రెండోది మంచం కిందున్న సంచిలోకి. మొదట కిలోకు పది మిల్లీలీటర్లతో, అంటే 70తో మొదలు. గొట్టం పక్కనుంచి కారకపోతే మెల్లగా 140కి, తర్వాత ఇంకా పైకి. ద్రవాన్ని ఒంటి వేడికి కాచి పెట్టాలి. చల్లటిది పోస్తే బిడ్డే చల్లబడిపోతాడు. లోపలికి అయిదు పది నిమిషాలు, లోపల అరగంట పైన, బయటికి ఇరవై నిమిషాల లోపు. గంట అయింది. మళ్లీ మొదలు. రోజుకు ఇరవై నాలుగు సార్లు.

పక్కన ఒక చార్టు. లోపలికి 140, బయటికి 160, తేడా మైనస్ 20. ఇలాగే సాగితే రోజుకు 480 మిల్లీలీటర్ల నీరు దిగుతుంది. ఏడు కిలోల బిడ్డకు అది బరువులో దాదాపు ఏడు శాతం. ఎక్కువైనా కష్టమే, రక్తపోటు పడిపోతుంది. ఇంకో పక్క, లోపలికి 140, బయటికి 90 అని వచ్చిందనుకోండి. అలా మూడు గంటలు ఎవరూ గమనించకపోతే 150 మిల్లీలీటర్లు పొట్టలో ఉండిపోయి, ఊపిరితిత్తుల కిందున్న డయాఫ్రమ్‌ను పైకి నెట్టి, బిడ్డకు ఊపిరి ఆడదు. చాలాసార్లు కారణం చిన్నదే: గొట్టం మడత పడింది, చిన్న రక్తపు గడ్డ అడ్డుపడింది, బిడ్డకు మలబద్ధకం. పక్కకు తిప్పి పడుకోబెడితే కొన్నిసార్లు ధార మొదలవుతుంది. బయటికొచ్చిన ద్రవం నిమ్మరసంలా మబ్బుగా కనిపిస్తే పొట్టలో ఇన్ఫెక్షన్ చేరిందని అనుమానించి వెంటనే పరీక్షకు పంపాలి. ఇవన్నీ కళ్లతో చేసే పనులు. కన్ను మూతపడితే చికిత్స ఆగినట్టే.

ద్రవం కంపెనీది దొరికితే మంచిది. మూసిన సంచిలో, కలిపే పని లేకుండా వస్తుంది. దొరకని చోట ఏం చేయాలో అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం 2020లో పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో దాపరికం లేకుండా రాసి ఉంది. ప్రతి ఆసుపత్రిలోనూ ఉండే రింగర్ లాక్టేట్ లీటరుకు 50 శాతం డెక్స్‌ట్రోజ్ 30 మిల్లీలీటర్లు కలిపితే చక్కెర సుమారు ఒకటిన్నర శాతానికి వస్తుంది. లోపాలూ ఉన్నాయి. రింగర్ లాక్టేట్‌లో కొంత పొటాషియం ముందే ఉంటుంది కాబట్టి రక్తంలోని పొటాషియం త్వరగా దిగదు. కాలేయం దెబ్బతిన్న బిడ్డ, షాక్‌లో ఉన్న బిడ్డ లాక్టేట్‌ను సరిగా వాడుకోలేడు. అన్నిటికన్నా పెద్దది, సీసాలోకి సూది గుచ్చిన ప్రతిసారీ క్రిమి వెళ్లే దారి తెరుచుకోవడం. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, ఒక శుభ్రమైన బల్ల మీద కలపడం నేర్పాలి. నేర్పితే వస్తుంది.

గొట్టం విషయంలోనూ ఇదే వరస. చర్మం కింద పట్టు కుదిరేలా కఫ్ ఉన్న మెత్తటి టెంకాఫ్ కేథటర్ (గొట్టం) మేలు. మన దేశంలో ఎన్నో వార్డుల్లో ఇప్పటికీ కనిపించేది లోపల లోహపు కడ్డీతో గుచ్చే గట్టి గొట్టం. పేగుకు తగిలే ప్రమాదం దానితో ఎక్కువ, మూడు రోజులు మించి ఉంచితే ఇన్ఫెక్షన్ భయం. అదీ లేకపోతే సిరల్లో వేసే కేథటర్‌నో ముక్కు ద్వారా వేసే గొట్టాన్నో వాడిన వైద్యులున్నారు. ప్రాణం పోయేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం కన్నా అది నయమని మార్గదర్శకాలు కూడా ఒప్పుకున్నాయి.

ఇక్కడ అసలు చిక్కు మొదలవుతుంది. ఇంత సులువైన పద్ధతి ఇన్నాళ్లూ ఎందుకు పక్కకు పోయింది? ఒక కారణం, 2002లో వచ్చిన వియత్నాం అధ్యయనం. తీవ్ర మలేరియా, ఇతర ఇన్ఫెక్షన్లతో కిడ్నీలు ఆగిన 70 మంది పెద్దవాళ్లలో సగం మందికి పొట్ట డయాలసిస్, మిగతా సగానికి రక్తాన్ని నిరంతరం వడపోసే యంత్రం. యంత్రం వైపు మరణాలు 15 శాతం, పొట్ట డయాలసిస్ వైపు 47. ఈ రెండంకెలు చూశాక ఏ వైద్యుడు పొట్ట వైపు మొగ్గుతాడు? కానీ చదవాల్సింది అంకెల వెనుక. అక్కడ వాడింది గట్టి గొట్టం, స్థానికంగా కలిపిన అసిటేట్ ద్రవం, మూసిన సంచి లేకుండా బయటికి వదిలే పద్ధతి. ఒక చికిత్సను దాని బలహీనమైన రూపంలో, ఇంకో చికిత్స బలమైన రూపంతో పోల్చారు. 2008లో బ్రెజిల్‌లోని బొతుకాతు నగరంలో మెత్తటి గొట్టంతో, ఎక్కువ మోతాదు ద్రవంతో పొట్ట డయాలసిస్‌ను, రోజూ చేసే యంత్ర డయాలసిస్‌ను పక్కపక్కన పెట్టి చూశారు. మరణాలు 58 శాతం, 53 శాతం. గణాంకాల ప్రకారం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2017లో, అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష కూడా మరణాల్లో తేడా పెద్దగా లేదనే తేల్చింది. ఇవి పెద్దవాళ్ల అధ్యయనాలు, ఆ మాట మరవకూడదు. పిల్లల్లో ఇలాంటి పోలికలు చాలా తక్కువ. అయినా నాకు తోచేది ఇది: వియత్నాం అధ్యయనం పొట్ట డయాలసిస్‌ను ఓడించలేదు, నిర్లక్ష్యంగా అమర్చిన పొట్ట డయాలసిస్‌ను ఓడించింది. పేద దేశాల్లో చేస్తే అలాగే చేస్తారన్న అభిప్రాయం దానికి తోడై, యంత్రం వచ్చేదాకా ఆగుదాం అనే వాదానికి బలం ఇచ్చింది.

ఆగకుండా పనిచేసి చూపించినవాళ్లలో కేప్‌టౌన్‌లోని రెడ్ క్రాస్ వార్ మెమోరియల్ పిల్లల ఆసుపత్రి ముందుంది. అక్కడి మిగ్నాన్ మెకలక్, పీటర్ నోర్స్ వంటి వైద్యులు పిల్లలకు మంచం పక్కనే గొట్టం వేయడం ఇతర ఆఫ్రికా దేశాల వైద్యులకూ నర్సులకూ నేర్పారు. 2012లో నాలుగు అంతర్జాతీయ కిడ్నీ సంఘాలు కలిసి మొదలుపెట్టిన ‘సేవింగ్ యంగ్ లైవ్స్’ కార్యక్రమంలో ఈ శిక్షణ కీలకం. దాని పద్ధతిలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. వైద్యుణ్ని ఒక్కణ్నే పిలవరు, అదే ఆసుపత్రి నుంచి నర్సునూ జతగా పిలుస్తారు. గొట్టం వేసేది వైద్యుడే అయినా, ఇరవై నాలుగు గంటలూ దాన్ని నడిపేది నర్సు కాబట్టి. నేర్చుకున్న నర్సును మూడు నెలలకే వేరే వార్డుకు బదిలీ చేస్తే కార్యక్రమం అక్కడితో సరి. పరికరాల కొరత గురించి అందరూ మాట్లాడతారు. డ్యూటీ చార్టు గురించి ఎవరూ మాట్లాడరు. ఒక నర్సుకు నలభై మంది పిల్లలున్న వార్డులో, గంటకోసారి కొలిచి రాయడం ఎలా సాధ్యం? కొన్ని చోట్ల తల్లికే చూపించి, ధార ఆగితే కేకేయమని చెబుతారు. తల్లి చక్కగానే చూస్తుంది, కానీ ఆమె కూడా మూడు రాత్రులుగా నిద్రపోలేదు.

హఠాత్తుగా వచ్చే కిడ్నీ వైఫల్యంతో నివారించదగ్గ మరణాలను 2025 నాటికి సున్నాకు తేవాలని అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం 2013లో లక్ష్యం ప్రకటించింది. 2025 వెళ్లిపోయింది. సున్నా రాలేదు.

మన దేశంలో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలై, జిల్లా ఆసుపత్రులకు యంత్రాలు తెచ్చింది. అవి ప్రధానంగా దీర్ఘకాలిక రోగులకు, అందులోనూ పెద్దవాళ్లకు ఉద్దేశించినవి. పొట్ట డయాలసిస్‌కు 2019లో మార్గదర్శకాలు జోడించినా, అవీ ఇంటి దగ్గర ఏళ్ల తరబడి చేసుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నవే. హఠాత్తుగా మూత్రం ఆగిన రెండేళ్ల పిల్లవాడికి పక్క గదిలో పది యంత్రాలున్నా అక్కరకు రావు. అందుకే హైదరాబాదుకో విశాఖకో అంబులెన్స్ బయలుదేరుతుంది. పొటాషియం మాత్రం దారిలో కూడా పెరుగుతూనే ఉంటుంది.

పొట్ట డయాలసిస్ అన్నిటికీ సరిపోదు, ఆ మాట కూడా చెప్పాలి. 2022లో గాంబియాలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనాలు కలిసిన సిరప్‌లు తాగి దాదాపు 70 మంది పిల్లలు కిడ్నీలు ఆగి చనిపోయారు. ఆ సిరప్‌లు హరియాణాలో తయారయ్యాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ మళ్లీ వచ్చింది. తమిళనాడులో తయారైన దగ్గు మందులో అది 48.6 శాతం ఉందని పరీక్షలో తేలింది, ఉండదగింది 0.1 శాతం. ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా అప్పుడు హెచ్చరిక జారీ చేశారు. ఇలాంటి విషాన్ని త్వరగా బయటికి లాగడానికి యంత్ర డయాలసిస్సే మేలు, పొట్ట పద్ధతి నెమ్మది. విషం అప్పటికే కిడ్నీని, నరాలను కాల్చేసి ఉంటే ఏ పద్ధతీ పూర్తిగా కాపాడలేదు. ఈమధ్యే పొట్టకు ఆపరేషన్ అయిన బిడ్డకు కూడా ఇది కుదరదు.

వైద్యుల్ని అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. పది రోజులు చేశాం, ఇరవై రోజులు చేశాం, కిడ్నీ మేలుకోలేదు. దీర్ఘకాలం డయాలసిస్ చేసే వసతి, మార్పిడి చేసే వసతి ఆ దేశంలో పిల్లలకు లేవు. అప్పుడేం చేయాలి? ఈ భయంతోనే కొన్ని ఆసుపత్రులు అసలు మొదలుపెట్టవు. మొదలుపెట్టేవాళ్లు ముందే కుటుంబంతో కూర్చుని, ఇన్ని రోజులు చూద్దాం, ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం అని చెప్పుకుంటారు. నాకు ఈ రెండో దారే న్యాయంగా కనిపిస్తుంది. కోలుకునే అవకాశం ఉన్న పిల్లలే ఎక్కువ కాబట్టి, కోలుకోని కొందరి పేరుతో అందరికీ తలుపు మూయడం లెక్కకు కూడా నిలవదు.

కోలుకునే బిడ్డ విషయంలో చార్టే ముందుగా చెబుతుంది. గోచీ ఖాళీగా తూగిన రోజుల తర్వాత ఒక ఉదయం 15 గ్రాములు ఎక్కువ తూగుతుంది. మర్నాడు 60. కొందరికి ఆ తర్వాత వరదలా వస్తుంది. అప్పుడు పోయిన నీళ్లు, లవణాలు తిరిగి ఇవ్వకపోతే ఇంకో ప్రమాదం. గంటకోసారి చేసేది రెండు గంటలకోసారి అవుతుంది, తర్వాత ఆపి చూస్తారు. క్రియాటినిన్ తనంతట తాను దిగుతూ ఉంటే గొట్టం తీసి ఒక కుట్టు వేస్తారు. డిశ్చార్జి చీటీలో మూడు నెలలకు రమ్మని రాయాలి: రక్తపోటు, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ చూడడానికి. మళ్లీ ఏడాదికోసారి. ఒళ్లు కోలుకున్న బిడ్డను బస్సు చార్జీ పెట్టుకుని అంత దూరం ఎవరు తెస్తారు? అందుకే ఆ చీటీ మీద ఊరికి దగ్గరున్న ఆరోగ్య కేంద్రం పేరు, అక్కడ రక్తపోటు చూడడానికి పిల్లల కొలత పట్టీ ఉందో లేదో కూడా కనుక్కుని రాసే వైద్యులు కొందరున్నారు.